అస్గర్ అరగదీసిన రాయి

అస్గర్ పిరికివాడు. ఈ మాట దాచిపెట్టి ఆయన సంగతి చెప్పడం కుదరదు. మెదక్ బజారులో ఇరవై ఏళ్లుగా కళ్లద్దాల దుకాణం నడుపుతున్న మనిషి. దుకాణం ముందు పోలీసు జవాను బీడీ ముట్టించుకోవడానికి ఆగినా సరే, లోపల నిలబడి తాను ఈ మధ్య ఏం తప్పు చేశాడో గుర్తు తెచ్చుకునేవాడు. ఉరుము ఉరిమితే చేతిలో పని కింద పెట్టేవాడు. తన పేరు మీద కార్డు వస్తే, చదవకముందే ఎవరో పోయారని కూర్చుండిపోయేవాడు. బజారులో వాళ్లకు ఇదంతా తెలుసు. "అస్గర్ సాబ్, మీ దుకాణంల మీ నీడ సుత జర సైడుకు నిలబడ్డట్టుంది, భయపడుతున్నరా ఏంది?" అని నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు, ఒకసారి వెనక్కి చూసుకుని.

నిజానికి ఆయన్ని కళ్లద్దాల పనిలోకి తెచ్చింది కూడా ఆ పిరికితనమే. ఇంట్లో అందరిదీ కళాయి పని. తండ్రిది, ఆయన తర్వాత పెద్దకొడుకు జాఫర్‌ది. రాగి గిన్నెను కొలిమి మీద కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరం గుడ్డతో తిప్పి పూస్తే గిన్నె లోపల వెండిలా తెల్లబడుతుంది. నవసాగరం పొగ బుస్సున లేవగానే చిన్న అస్గర్ వీధిలోకి ఉరికేవాడు. తండ్రి పోయాక జాఫర్ తమ్ముణ్ణి నాలుగు రోజులు కొలిమి దగ్గర కూర్చోబెట్టి చూశాడు. అయిదో రోజు "నీకు మంట పని పడదు, నీళ్ల పని చూస్తా" అని హైదరాబాద్ తీసుకుపోయి కళ్లద్దాల కారఖానాలో చేర్పించాడు. అద్దం అరగదీయడానికి కావలసినవి ఇనుప పళ్లెం, తడిపిన గరుకు కురుందం పొడి, ఓపిక. భయస్తుడికి ఓపికకు కొదవుండదు. తప్పు పోతుందేమోనని ప్రతి అద్దాన్నీ పదిసార్లు చూసేవాడు కాబట్టి అస్గర్ చేసిన అద్దాలకు దవాఖానా డాక్టరమ్మ కూడా ఏనాడూ వంక పెట్టలేదు.

జాఫర్ అట్లా కాదు. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది. అస్గర్‌కు ఈ లోకంలో భయం లేని చోటు ఒక్కటే ఉండేది, అది అన్న పక్కన. అందుకే 1966లో జాఫర్ హజ్‌కు పోయిన మూడు నెలలూ అస్గర్ సరిగ్గా నిద్రపోలేదు. ఓడ మునిగినట్టు కలలు. మే నెలలో అన్న బస్సు దిగి, తెల్ల గడ్డంతో, సగం చిక్కి, అదే గొంతుతో "ఏందిరా, నువ్వు హజ్‌కు పోయినట్టు గిట్ల ఎండినవ్?" అన్నాకే ఊపిరి పీల్చుకున్నాడు.

అందరికీ ఖర్జూరాలు, జంజం నీళ్లు, జపమాలల్లాంటి తస్బీలు తెచ్చాడు. అస్గర్‌కు మాత్రం రుమాలులో కట్టిన ఒక రాయి ఇచ్చాడు. పిడికిలికంటే కొంచెం పెద్దది. పైన మాడిన రొట్టె అంచులా నల్లటి నున్నటి పొర. చేతిలోకి తీసుకుంటే చెయ్యి కిందికి జారింది.

"ఏంది భాయిజాన్ ఇది?"

"రాయి. రాయిని గుర్తుపట్టెతందుకు సుత అద్దాలు కావాల్నా నీకు?" అని జాఫర్ అందర్నీ నవ్వించి, తర్వాత చెప్పాడు. "మదీనా పోయే తొవ్వల బస్సు ఖరాబైంది. చుట్టూ ఇసుక. గులకరాయి సుత లేదు. నమాజు చేసుకుందమని జర దూరం పోయిన. గాడ ఒక్కతే కూసున్నది ఇది. లేపిన. నలభై ఏండ్ల సంది గిన్నెలు లేపిన చెయ్యి నాది, గింత రాయికి గింత బరువు ఎన్నడు చూడలే. నీ అరగదీసే పనిల ఎందుకన్న పనికొస్తదని తెచ్చిన."

పనికొచ్చింది కూడా. అరగదీసే ముందు అద్దాన్ని లక్కతో చెక్కపిడికి అతికిస్తారు. లక్క ఆరేదాకా మీద బరువు పెట్టాలి, బరువు అడుగు చదునుగా ఉండాలి, లేకపోతే అద్దం వంకరగా అతుకుతుంది. ఈ రాయికి బరువుంది, అడుగు లేదు. అస్గర్ ఏం చేశాడంటే, అద్దాల పనివాడెవడైనా చేసేదే చేశాడు. పళ్లెం మీద కురుందం పొడి పోసి, తడిపి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని రాయికి ఒక వైపు చదును చేశాడు.

అరుగుతున్నప్పుడు రాయి కీచుమంది. అద్దం అట్లా అరవదు. ఒకటి రెండుసార్లు చెయ్యి ఆపి చూశాడు. కడిగితే లోపల బూడిదరంగు. ఆ బూడిదలో ఆవగింజలంత గుండ్రటి గింజలు, ఎవరో పోసి పాకం పట్టినట్టు. గింజల మధ్య తెల్లగా మెరిసే చుక్కలు. బాగుంది. కానీ బాగున్నదాన్ని చూసినా భయపడే మనిషి కదా, ఎవరికీ చూపించకుండా బోర్లించి అద్దం మీద పెట్టుకున్నాడు.

వానాకాలం సగం గడిచింది. ఒక శుక్రవారం నమాజు అయ్యాక, రామాయంపేట నుంచి వచ్చిన వాహెద్ సాబ్ అనే ముసలి హాజీ మసీదు మెట్ల మీద జాఫర్ పక్కన కూర్చున్నాడు. మాటల్లో రాయి సంగతి వచ్చింది.

"ఎక్కడ దొరికింది? మక్కా చుట్టు పవిత్రమైన హరమ్ గడ్డ హద్దు స్తంభాలు దాటినంకనా, దాటకముందా?"

"యాది లేదు సాబ్. మక్కా నుంచి బస్సు బయలెల్లినంక నిద్ర పట్టింది. బస్సు ఆగితే లేసిన."

వాహెద్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "దాటకముందైతే మంచిది గాదు జాఫర్ మియా. ఆ గడ్డ రాయిని ఆ గడ్డ నుంచి తీయొద్దంటరు. తీస్తే ఏడుస్తదంట. లోకం ఆఖరైన ఖయామత్ నాడు తీసినోని మెడ పట్టుకుంటదంట." అని, తన బస్సు టైమైందని లేచి పోయాడు. ఆ పెద్దమనిషి రాత్రి హాయిగా అన్నం తిని పడుకునే ఉంటాడు.

అదే వారం జాఫర్‌కు కామెర్లు వచ్చాయి. ఊళ్లో ఆ వానలకు ఇరవై మందికి వచ్చాయి. కానీ జాఫర్ ఆ ఇరవై మందిని లెక్కపెట్టలేదు, తన ఒక్క రాయినే లెక్కపెట్టాడు. తమ్ముణ్ణి పిలిపించి వాహెద్ సాబ్ అన్నదంతా చెప్పాడు.

"రాయి భద్రంగుందా?"

"ఉంది భాయిజాన్."

"జనవరిల హాజీలు బయలెల్లుతరు. ఎవలకన్న ఇచ్చి పంపాలె. ఎక్కడిదక్కడ పెట్టి రావాలె. ఎట్ల తెచ్చిన్నో గట్లనే పోవాలె, సమజైందా? ఒక్క గీత పడొద్దు."

"పడలే భాయిజాన్."

అస్గర్ జీవితంలో చెప్పిన పెద్ద అబద్ధం అదే, రెండు మాటలది. దుకాణానికి వచ్చి రాయిని తిరగేసి చూశాడు. గీత కాదు, అరచేతి వెడల్పు చదును. రెండు మధ్యాహ్నాల కీచు చెవుల్లో మోగింది. రాయి ఏడుస్తదంట. తాను విన్నాడు. విని కూడా చెయ్యి ఆపలేదు.

జాఫర్ అక్కడితో ఆగలేదు. రాయి ఊరు దాటేదాకా రోజూ రోజా, పగటి ఉపవాసం, ఉంటానని మొక్కుకున్నాడు. తెల్లవారకముందు గుక్కెడు నీళ్లు, పొద్దు గూకాక ఒక ఖర్జూరం, మళ్లీ నీళ్లు, అంతే. జబ్బు మనిషికి రోజా అవసరం లేదని ఇమామ్ సాబ్ ఇంటికి వచ్చి చెప్పాడు. రాయి సంగతిలో కూడా పెద్దల మాట ఒక్కతీరుగా లేదు, తప్పులేదన్న వాళ్లూ ఉన్నారని చెప్పాడు. జాఫర్ విని "తప్పు లేదన్న పెద్దలు రాయి తేలే సాబ్. నేను తెచ్చిన" అన్నాడు. డాక్టరమ్మ కంటి రెప్ప పైకి లాగి చూసి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ జాఫర్ భార్య హలీమాను పక్కకు పిలిచి చెప్పింది. కాలేయం చెడింది, మందుకంటే ముందు తిండి, ఇట్లాగే ఉంటే జనవరి దాకా బతకడు.

ఆ మాట అస్గర్‌కు చెప్పడానికి హలీమా బురఖా వేసుకుని దుకాణానికి వచ్చింది. ఆమె ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటే అస్గర్‌కు కొంచెం తేలికయ్యేది.

"నిలబడి నమాజు చేస్తలేడు, కూసొని చేస్తుండు. నీ మాటింటడు. జర చెప్పు."

"నా మాటనా భాబీ? నా మాట ఎవరింటరు?"

"నువ్వు ఎన్నడన్న గట్టిగ చెప్పినవా, వినకపోయెతందుకు?" అని ఆమె బల్ల మీదకు చూసింది. రాయి అక్కడే ఉంది, ఒక అద్దం మీద బోర్లా. "గిదేనా? గింతదానికా?" అని దాని వైపు వేలు చూపించింది, ముట్టుకోలేదు. అస్గర్ దాని మీద రుమాలు కప్పాడు.

ఆ అక్టోబరులో మిషన్ బడి సైన్సు పంతులు రిచర్డ్ తన కొత్త అద్దాల కోసం వచ్చాడు. ఫ్రేము బిగిస్తుంటే అస్గర్ చేతిలోంచి చిన్న ఇస్క్రూ ఒకటి జారి బల్ల మీద ఎక్కడో పడింది. ఇట్లాంటివి ఏరడానికి ఆయన దగ్గర వేలెడంత అయస్కాంతం ఉండేది. బల్ల మీద దాన్ని తిప్పుతుంటే అది ఉన్నట్టుండి పక్కకు గుంజింది, రుమాలు కప్పిన రాయికి పోయి టక్కున అతుక్కుంది.

ఇద్దరూ దాన్ని చూశారు. అస్గర్ ఇన్నాళ్లూ ఆ సంగతి గమనించనే లేదు.

"ఏమున్నది ఆడ?" అని రిచర్డ్ రుమాలు తీశాడు. అస్గర్ అడ్డం పడేలోపే రాయిని తిరగేశాడు. చదును చేసిన ముఖం వెలుగులోకి వచ్చింది. రిచర్డ్ కొత్త అద్దాలు పెట్టుకుని ఆ ముఖాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు.

"అస్గర్ భాయ్, ఎక్కడిది ఇది?"

భయంలో మనిషి రెండే పనులు చేస్తాడు. మూగబోతాడు, లేదా అంతా కక్కేస్తాడు. అస్గర్ అంతా చెప్పేశాడు. ఎడారి, బస్సు, హద్దు స్తంభాలు, వాహెద్ సాబ్, మొక్కు, అన్న పసుపుపచ్చని కళ్లు, తన అబద్ధం. రిచర్డ్ నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇది ఆకాశం నుంచి పడ్డ రాయి కావొచ్చు. ఉల్క. పైన మాడిన పొర చూసినవా? పడేటప్పుడు కాలింది. లోపల ఇనుము. గీ గుండ్రటి గింజలు పుస్తకంల చదివిన, కండ్లతోటి ఎన్నడు చూడలే."

"ఆకాశం నుంచి పడితే... ఆ గడ్డ రాయి గానట్టేనా సార్?"

"భూమ్మీద ఏ గడ్డ రాయి గాదు. కని నేను కావొచ్చంటున్న, అంతే. నేను బడి పంతులును. కావొచ్చు అన్న మాట తీస్కపోయి మీ అన్నకు చెప్తవా?"

చెప్పలేడు. జాఫర్ కావొచ్చు మాటలు వినే మనిషి కాదు.

"ఖాయంగ తెల్వాలంటే?"

"పలుచగ ఒక రేకు కొయ్యాలె. అద్దం ముక్క మీద అతికించి, వెలుగు ఆర్‌పార్ పోయేదాకా అరగదీయాలె. వెంట్రుకల సగం మందం. యూనివర్సిటీల మా చిన్నాయిన కొడుకు గాబ్రియేలు ఉన్నడు, రాళ్ల చదువే వానిది. మైక్రోస్కోపు కింద పెట్టి ఏ జాతిదో రాసిస్తడు." రిచర్డ్ ఆగి, అస్గర్ ముఖం చూసి "రాయిని ఇస్తే నేనే తీస్కపోత" అన్నాడు.

"వద్దు సార్. భాయిజాన్ ఎప్పుడడుగుతడో తెల్వది. రాయి కదలొద్దు."

"అయితే రేకు నువ్వే కొయ్యాలె. మెదక్‌ల ఆ పని చేసెటోడు ఇంకెవడున్నడు?"

అది నిజం. ఆ నిజమే ఆయన పీక మీద కూర్చుంది. కోస్తే, అది ఒకవేళ ఆ గడ్డ రాయే అయితే, తెలియక చేసిన తప్పు మీద తెలిసి చేసిన తప్పు. కోయకపోతే అన్న జనవరి దాకా బతకడు. మూడు రోజులు అస్గర్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. నాలుగో రోజు మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత దుకాణం తలుపు సగం దించాడు.

నమాజుకు ముందు కడుక్కున్నట్టే చేతులు, ముఖం, కాళ్లు కడుక్కుని వజూ చేసుకున్నాడు. బల్ల మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచాడు. సన్నటి ఇనుప తీగను విల్లులా వంచిన వెదురుకు బిగించి, తడి కురుందం పెట్టి, రాయి చదును అంచు మీద లాగాడు. కీచుమంది. కళ్లు మూసుకున్నాడు. తెరిచి మళ్లీ లాగాడు. ఒక్కో లాగుకు వెంట్రుక వాసి కూడా దిగదు. రాలిన బూడిదరంగు బురదను కాలువలో పోయడానికి చేతులు రాలేదు. చిరిగిన పవిత్ర గ్రంథం కాగితాల్ని ఎవరూ చెత్తలో వేయరు, భద్రంగా దాచి పారే నీళ్లలోనో మట్టిలోనో కలుపుతారు. అస్గర్ కూడా ఆ బురదను చుక్క పోకుండా ఒక గాజు సీసాలోకి ఎత్తాడు. రేపు ఎవరైనా అడిగితే కనీసం ఇంత చెప్పగలగాలి: కోశాను గానీ ఒక్క గింజ పారేయలేదు.

మూడు మధ్యాహ్నాలకు రెండు రేకులు ఊడాయి. రిచర్డ్ బడి ప్రయోగశాల నుంచి తెచ్చిచ్చిన తేనెరంగు బంకతో మొదటి రేకును అద్దం ముక్క మీద అతికించి అరగదీయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ల చెయ్యి. కానీ భయంలో ఆ చెయ్యి ఎక్కువ నొక్కింది. కడిగి కిటికీకి ఎత్తి చూస్తే అద్దం ఉంది, రాయి లేదు. మొత్తం బురదలో కలిసిపోయింది.

అస్గర్ కింద కూర్చుండిపోయాడు. రాయి ఒప్పుకోలేదు, ఇక అయిపోయింది అనుకున్నాడు. తలుపు కింద నుంచి బజారులో నడిచేవాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి. ఎవరో ఆగి "అస్గర్ సాబ్, అద్దాలు తయారైనయా?" అని కేకేస్తే దొంగలా ఊపిరి బిగబట్టాడు.

మిగిలింది ఒకటే రేకు.

దాన్ని మర్నాడు మొదలుపెట్టాడు. ఒక్క వేలి బరువుతో. వంద చుట్లు తిప్పి, కడిగి, చూసి, మళ్లీ వంద. భయాన్ని ఆపడం ఆయన వల్ల కాలేదు, అందుకని దాన్నే పనిలో పెట్టాడు: ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుంది అనుకుంటూ ప్రతి చుట్టునూ అదే చివరి చుట్టులా తిప్పాడు. పొద్దు వాలేముందు రేకును కిటికీకి ఎత్తితే వెలుగు ఇవతలికి వచ్చింది. లేత పసుపు, ఆకుపచ్చ. గింజలు ఒక్కొక్కటి దీపం బుడ్డిలా వెలిగాయి. మెరిసే చుక్కలు మాత్రం వెలుగును ఆపి నల్లగా నిలిచాయి. ఉర్దూ పత్రిక మీద పెడితే కింద అక్షరం కనిపించింది. అస్గర్ దాన్ని దూదిలో చుట్టి, అద్దాల డబ్బీలో పెట్టి, రిచర్డ్ చేతికిచ్చాడు. శనివారం పొద్దటి బస్సుకు రిచర్డ్ తూప్రాన్ మీదుగా హైదరాబాద్ పోయాడు.

జవాబుకు పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో జాఫర్ రెండుసార్లు కబురు పంపాడు, రాయి తీసుకురమ్మని, ఒక్కసారి చూడాలని. మొదటిసారి అస్గర్ జ్వరమన్నాడు. రెండోసారి తాళంచెవి పోయిందన్నాడు. చెప్పిన మరునిమిషమే నిజంగా జ్వరం వచ్చింది. దుకాణం ముందు ఎవరు పరుగెత్తినా అన్న పోయాడన్న వార్తే మోసుకొస్తున్నారనుకున్నాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం రిచర్డ్ బడి విడిచే గంట కాకముందే వచ్చాడు. గాబ్రియేలు ఇంగ్లీషులో రాసిన చిట్టీని వాక్యం వాక్యం ఆపి తెలుగులో చెప్పాడు.

"ఉల్కనే. అనుమానం లేదంటుండు. ఉల్కలల్ల రాతి జాతి ఉంటది, ఇనుప జాతి ఉంటది, ఇది రాతి జాతి. గీ గుండ్రటి గింజల్ని కాండ్రూల్స్ అంటరు. భూమ్మీద ఏ గుట్టల, ఏ వాగుల గిట్లాంటివి పుట్టయి. రాతి జాతిల సుత ఇనుము ఎంతున్నది, ఏ ఖనిజమున్నది చూసి పేరు పెడ్తరు. మనదాంట్ల ఇనుము జర ఎక్కువ. పేరు ఆలివిన్ బ్రాంజైట్ కాండ్రైట్."

"పేరు మస్తు పొడుగున్నది సార్."

"పుట్టిల్లు దూరం గద. ఇంకొకటి రాసిండు. ఇనుప చుక్కల చుట్టూ తుప్పు మరక ఉన్నదట. అంటే ఎడారిల మస్తు ఏండ్లు పడి ఉన్నది. ఎన్నేండ్లో చెప్పలేనన్నడు. ఆఖరికి ఏం రాసిండు తెలుసా? ఈ రేకు అరగదీసినోడు ఎవరు, మా తాన సుత గింత చక్కగ రాదు, ఒక్క మూల జర మందమున్నది అని."

అస్గర్‌కు ఆ మెచ్చుకోలు చెవికెక్కలేదు. చిట్టీని మడిచి జేబులో పెట్టుకోగానే కొత్త భయం పుట్టింది. ఈ కాగితం అన్నను బతికిస్తుంది. అదే కాగితం తన అబద్ధాన్ని బయటపెడుతుంది. కోయకుండా ఇది ఎట్లా తెలిసిందని అన్న అడుగుతాడు. తప్పకుండా అడుగుతాడు. ఒక్క క్షణం, నిజం చెప్పాలి, ఆ కాగితాన్ని చూపించకపోతే ఏమవుతుందనే ఆలోచన అస్గర్‌కు వచ్చింది. ఆ ఆలోచనకు తానే హడలిపోయి, రాయిని రుమాలులో కట్టుకుని, సీసా సంకన పెట్టుకుని, అప్పుడే బయల్దేరాడు.

మధ్యాహ్నం మూడైంది. జాఫర్ వసారాలో నవారు మంచం మీద ఉన్నాడు. పెద్ద చేతులు దుప్పటి మీద రెండు ఖాళీ తొడుగుల్లా పడి ఉన్నాయి. కళ్లు పసుపు. హలీమా పొయ్యి దగ్గర గంజి కాస్తోంది. రోజూ కాస్తుంది, రోజూ ఆయన ఖర్జూరంతో ఆపితే పక్కింటివాళ్లకు పోస్తుంది.

"తెచ్చినవా?"

"తెచ్చిన భాయిజాన్. ముందు నా మాట వినుండ్రి. ఇది ఆ గడ్డ రాయి గాదు. ఏ గడ్డ రాయి గాదు. ఆకాశం నుంచి పడ్డది. యూనివర్సిటీల రాళ్ల చదువు చదివినాయన చూసి చిట్టీ రాసిచ్చిండు. రాతి జాతి ఉల్క అంట."

జాఫర్‌కు గొంతు తగ్గింది గానీ బుర్ర తగ్గలేదు. "రాయి నీ దుకాణంలనే ఉండె గద. ఆయన ఎట్ల చూసిండు?"

"ముక్క పంపిన."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది.

"ముక్క ఎవరు కోసిండ్రు?"

"నేనే."

"ఒక్క గీత పడొద్దంటి."

"గీత మీరు చెప్పకముందే పడ్డది భాయిజాన్. మీరు తెచ్చిన వారానికే అరగదీసిన. లక్క మీద బరువుకు పెట్టుకుందమని. తెల్వక."

"మరి పడలేదంటివి?"

"భయమైంది."

ఊరంతా ఆయన్ని పిరికివాడనేది గానీ ఆ మాట ఆయన నోటితో ఆయనే అనడం అదే మొదటిసారి. అన్నాక అన్న తనను శపిస్తాడని ఎదురుచూశాడు. హాజీ నోటి బద్దువా, అదీ చావు మంచం మీది నుంచి. జాఫర్ చెయ్యి చాపాడు. అస్గర్ రుమాలు విప్పి రాయిని ఆ చేతిలో పెట్టి, రెండో చెయ్యి కింద పట్టాడు, బరువుకు అన్న మణికట్టు వంగిపోతుంటే. సీసా కూడా మంచం కోడు పక్కన పెట్టాడు. "రాలిందంత దీంట్ల ఉంది. ఒక్క గింజ పారేయలే."

జాఫర్ చదును ముఖాన్ని వెలుగుకు తిప్పాడు. బొటనవేలితో మెల్లగా రుద్దాడు. మెరిసే చుక్కల దగ్గర వేలు ఆగింది.

"లోపల కళాయి ఉందిరా దీనికి" అన్నాడు. "ఎవరు వేసిండ్రు?"

అంతలోనే జాఫర్ మళ్లీ ముఖం ముడుచుకున్నాడు. "అయినా అస్గర్, ఎక్కడి నుంచి పడ్డా, పడ్డది ఆ గడ్డ మీదనే అయితే? ఆ గడ్డ మీద పడి గన్నేండ్లున్నది ఆ గడ్డది గాదా?"

అస్గర్ జేబులో చిట్టీ మీద చెయ్యి వేసుకున్నాడు. ఇనుము ఎంతో, గింజలేమిటో, జాతి ఏమిటో అందులో ఉంది. ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఇంత కోసి, ఇంత అరగదీసి, అన్న మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

హలీమా గంజి గిన్నె పట్టుకుని వసారాలోకి వచ్చింది. "మీరు సుత ఆ గడ్డ మీద పోయి పడ్డరు గద. నెలకు ఎక్కువనే ఉన్నరు. తిన్నరు, పన్నరు. మరి ఆ గడ్డ మిమ్ములను పట్టుకున్నదా? తోలియ్యలే?"

"నేను తొవ్వల పోయే ముసాఫిర్‌నే. పోయిన, వచ్చిన."

"అదేంది మరి? ఆకాశంల ఎక్కడనో పుట్టి, గాడ జరసేపు కూసొని, మీ రుమాల్ల పండి మెదక్ దాకా వచ్చింది. మీకన్న పెద్ద ముసాఫిర్ అది." ఆమె మంచం పక్కన చాప మీద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, పరిచింది. రాయిని భర్త చేతిలోంచి తీసి, తడిగుడ్డతో తుడిచి, దాని మీద ఒక అంచున పెట్టింది. "ముసాఫిర్ ఇంటికొస్తే ముందట కూసొని తింటం. మీరేమో దాన్ని తీస్కపోయి దుకాణంల పడేసి, నోరు కట్టుకొని మూడు నెలల సంది గోడ చూస్తున్నరు. గిదేం మర్యాద?"

"నువ్వు మౌల్వీ ఎప్పుడైనవే?"

"మీరు బీమారైనంక. ఇంట్ల ఎవరో ఒగరు గావాలె గద."

జాఫర్ ఎండను చూశాడు. గోడ మీద ఇంకా చాలా ఉంది, పొద్దు గూకే మగ్రిబ్ నమాజుకు చాలా టైముంది. అస్గర్ ఆ చూపును చూశాడు. ఇప్పుడు కాదంటే ఇంకెప్పుడూ కాదు. అన్న పెదవులు కదిలాయి, ఏం చదివాడో వినపడలేదు. తర్వాత లేవబోయాడు. అస్గర్ వెనక నుంచి పట్టి కూర్చోబెట్టాడు. వీపు ఎముకలు చేతికి గుచ్చుకున్నాయి.

హలీమా చెంచా నోటి దగ్గర పెట్టింది. జాఫర్ నోరు తెరిచాడు. అస్గర్ అన్న గొంతునే చూస్తూ ఉన్నాడు. గుటక కొంచెంసేపు ఆగి, కిందికి దిగింది.

రెండో చెంచా తర్వాత జాఫర్ చెయ్యి అడ్డం పెట్టాడు. అస్గర్‌కు ప్రాణం పోయినంత పనైంది.

"రాయి ఇక్కడనే ఉంటది" అన్నాడు జాఫర్. "నీకిస్తే జనవరికి సీసాల బురదనే మిగులుతది."

"జీ భాయిజాన్."

"గింత ఉప్పు తేపో. ఎవరు కాసిండ్రో, సప్పగున్నది."